లేదనడం రాని రోబో

చీర కట్టిన ప్లాస్టిక్ బొమ్మ చుట్టూ రోబో చేత ప్రదక్షిణలు చేయించిన ఇంజనీర్లు దేశంలో ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మాత్రం నేనొక్కడినే. ఊరికే వచ్చే ఘనత కాదది. రోబో ఒక ప్రశ్న అడిగి, దానికి జవాబు దొరకనప్పుడు, దొరకలేదని ఒప్పుకోకుండా ఏదో ఒక జవాబు దాని చేతిలో పెట్టి ముందుకు తోసేయాలి. అంత ధైర్యం అందరికీ ఉండదు. నాకుంది. నిర్ణయం పూర్తిగా నాదే. వద్దన్న మనిషి పక్క కుర్చీలోనే కూర్చుని చెప్పినా వినలేదు.

ఈమధ్యే రిటైరయ్యాను. సగం ఉద్యోగం ఫ్యాక్టరీ యంత్రాలకు ప్రోగ్రాములు రాస్తూ గడిచింది, చివరి సగం ఎల్‌బీ నగర్‌లో టైర్ల దుకాణం పైన ఉన్న ఒక చిన్న రోబో కంపెనీలో గడిచింది. ఇప్పుడు చుట్టాల పిల్లలు ఫోన్ చేసి, రోబో సాఫ్ట్‌వేర్‌లోకి రావాలంటే ఏం చదవాలని అడుగుతున్నారు. ఏం చదవాలో వాళ్లకే నాకన్నా బాగా తెలుసు. ఏ తప్పు ఎట్లా చేస్తామో చెప్పేవాళ్లు తక్కువ. ఆ విషయంలో నా దగ్గర సరుకు బాగానే ఉంది.

దుకాణపు పిల్లవాడి చదువు

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. నాన్న, ఆయన చెల్లెలు సత్తెమ్మ, ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టారు. నాన్న పోయాక అత్తే నడిపింది. నేను లెక్కలు, బేరం, అబద్ధం ఒకే గల్లా పెట్టె దగ్గర నేర్చుకున్నాను.

మా దుకాణంలో అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. గిరాకీ ఏం అడిగినా "లేదు" అనకూడదు. పొద్దున బోణీ వేళ ఆ మాట నోట్లోంచి వస్తే అత్త వీపు మీద ఒకటి వేసేది. మామిడాకు రంగు అడిగితే, లేకపోయినా, చిలకాకుపచ్చ తీసి పరిచేయాలి. ట్యూబులైటు కింద రెండూ ఒకటే అనాలి. వచ్చినామె కాదంటే, ఎండలోకి తీసుకుపోయి ఇప్పుడు చూడండి అనాలి. పది చీరలు పరిచేసరికి ఆమె అసలు ఏ రంగు కోసం వచ్చిందో ఆమెకే గుర్తుండదు. ఏదో ఒకటి కట్టించుకుని పోతుంది.

ఈ చదువు నాకు ఇంజనీరింగ్ కంటే బాగా వంటబట్టింది. అదే నన్ను ముంచింది.

కేకలు, వినేవాడు

రోబోలో ఒక్కో భాగం ఒక్కో చోట ఉంటుంది. చక్రాలు కింద, ట్రే ముందు, కెమెరా ఇంకెక్కడో. కెమెరా తన కళ్ల ముందు ఒక వస్తువును చూస్తే, అది చక్రాల లెక్కలో ఏ దిక్కున ఉన్నట్టో మార్చి చెప్పాలి. అందుకని ఏ భాగం ఎక్కడ ఉందో, ఎటు తిరిగి ఉందో లోపల కేకలు పడుతూనే ఉంటాయి. ఆ కేకలన్నీ విని గుర్తు పెట్టుకునే ప్రోగ్రాముకు ట్రాన్స్‌ఫార్మ్ లిజనర్ అని పేరు. మన భాషలో, వీధిలో ఎవరు ఎక్కడున్నారో తెలిసిన మనిషి. చక్రాలు నడిపే ప్రోగ్రాము, ట్రే చూసుకునే ప్రోగ్రాము, దారి వెతికే ప్రోగ్రాము, అందరూ వచ్చి అతన్నే అడుగుతారు.

ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక్కో లిజనర్‌ను పెట్టుకోవచ్చు. నాకది దండగ ఖర్చుగా తోచింది. వీధికంతా ఒక పేపరు తెప్పించుకుని పంచుకు చదివిన ఇంట్లో పుట్టినవాణ్ణి. ఒక్క లిజనర్‌ను పెడదాం, అందరూ పంచుకుందాం అన్నాను. ఇంతవరకు నా ఆలోచనలో తప్పు లేదు. తప్పంతా ఆ ఒక్కణ్ణి ఎప్పుడు పుట్టించాలి, ఎక్కడ నిలబెట్టాలి అన్నదాంట్లో ఉంది.

కొత్త లెక్కల పుస్తకంలో మొదటి పేజీ పైన పసుపు రాసి శ్రీకారం పెట్టడం మా ఇంటి అలవాటు. లిజనర్ అంత ముఖ్యమైనవాడు కదా అని, అతన్ని ఫైల్లో అన్నిటికన్నా పైన, పని మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ కంటే కూడా పైన రాశాను. ప్రోగ్రాము మొదలవకముందే పుట్టేశాడు. రోబో వ్యవస్థకు ముందుగా ఇనిషియలైజ్ చేసే, అంటే పనికి సిద్ధం చేసే, పిలుపు ఒకటి ఉంటుంది. అది జరిగాకే వినడం సాధ్యమవుతుంది. షట్టర్ కూడా ఎత్తని దుకాణంలో కూర్చుని గిరాకీ కోసం చెవులు రిక్కించినట్టయింది అతని పని. ప్రోగ్రాము పుట్టిన చోటే కూలిపోయింది.

పక్క కుర్చీలో ఉన్నది లావణ్య. భీమవరం నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ కుటుంబం. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నేను మధ్యాహ్నం దాకా వైర్లు పీకి పెట్టి, కంప్యూటర్ ఆపి వేసి, మెమరీ చిప్పును రబ్బరుతో తుడిచాక మెల్లిగా అడిగింది.

"సార్, ఎర్రర్ చదివారా?"

"చూశాను."

"చూడ్డం కాదండి. ముందు ఇనిషియలైజ్ చేయండి, ఆ తర్వాతే లిజనర్‌ను పెట్టండి అని రాసే ఉంది."

కొత్తగా వచ్చే పిల్లలకు నా మొదటి మాట ఇదే. ఎర్రర్ కనబడగానే కంగారుపడి చుట్టూ చూడకండి. అది మిమ్మల్ని తిట్టడం లేదు, దారి చెబుతోంది. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాడు కూడా దాన్ని చదవకుండా పక్కకు తోసి, తన అనుభవాన్ని చదువుకుంటూ కూర్చుంటాడు.

అడ్డా మీది కూలి

లావణ్య చెప్పినట్టు ఆ ఒక్క వరుసను కిందికి జరిపితే అయిపోయేది. కానీ ఏడాది కూడా నిండని అమ్మాయి చెప్పిందే చేస్తే నా పెద్దరికం ఏం కావాలి? అందుకని నా తెలివి నేను చూపించాను. అసలు లిజనర్‌ను జీతానికి పెట్టుకోవడం ఎందుకు, రోజు కూలికి పిలుద్దాం అనుకున్నాను. ఏ భాగానికి ఎప్పుడు అవసరమైతే అప్పుడు ఒక కొత్త లిజనర్‌ను పుట్టిస్తుంది, ప్రశ్న అడుగుతుంది, పంపించేస్తుంది. కూలడం ఆగిపోయింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

కూలీలు నిలబడే ఎల్‌బీ నగర్ అడ్డా మీద నుంచి ఒక మనిషిని పిలుచుకొచ్చి, దుకాణంలో అడుగు పెట్టగానే నీలం గద్వాల చీరలు ఏ అల్మరాలో ఉన్నాయని అడిగితే ఏం చెబుతాడు? పాపం అతను ఇప్పుడే వచ్చాడు, ఒక్క కేక కూడా వినలేదు. నా లిజనర్లూ అంతే. పుట్టీ పుట్టకముందే ప్రశ్న, "అలాంటి ఫ్రేము ఏదీ లేదు" అని, అంటే ఆ భాగం జాడ తెలియదని జవాబు, వెంటనే చావు. సెకనుకు ఎందరో పుట్టి ఎందరో పోతున్నారు, ఒక్కడికీ ఏమీ తెలియదు. తెర నిండా ఎర్ర అక్షరాలు.

ఆ "లేదు" చూసి నాకు వీపు చురుక్కుమంది. అప్పుడు రాశాను, నా వృత్తి జీవితంలోకెల్లా ఖరీదైన ఆ వరుసను. జవాబు దొరక్కపోతే, అన్నీ సున్నాలు ఇచ్చేయమన్నాను. అంటే కెమెరా సరిగ్గా రోబో నడిమధ్యలో ఉండి, ముందుకే చూస్తున్నట్టు లెక్క. మామిడాకు అడిగితే చిలకాకుపచ్చ. ఎర్ర అక్షరాలు చిరాకు పెడుతున్నాయని వాటిని కూడా తెర మీదికి రాకుండా ఆపేశాను.

లావణ్య వద్దండి అంది. తెలియనప్పుడు తెలియదని ఆగిపోవాలి కదండీ అంది. ఆఫీసులో రోబో పని చేస్తోంది కదమ్మా అన్నాను. నిజంగానే చేసింది. ఎందుకంటే అప్పుడు కెమెరా నిజంగానే ముందు, దాదాపు మధ్యలో ఉంది. నా అబద్ధం అనుకోకుండా నిజానికి దగ్గరగా ఉంది. అబద్ధాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన రకం అదే.

అత్త కొన్న రోబో

మా కంపెనీ యజమాని మురళి గారిది గుంటూరు వైపు. మంచివాడు, తొందర మనిషి. ఏ సమస్య చెప్పినా "డెమో అవ్వనివ్వండి, తర్వాత చూద్దాం" అనేవాడు. పిల్లలకు నా రెండో మాట. డెమో తర్వాత ఎవరూ చూడరు.

రోబోకు గిరాకీ దొరక్క ఆయన దిగులుగా ఉన్నప్పుడు నేను అత్త దుకాణం చూపించాను. అత్తకు డెబ్బై దగ్గర పడింది, మోకాళ్లు అరిగిపోయాయి. వెనక గోదాం నుంచి చీరలు మోసే మనిషి పని మాని ఊరికి పోయాడు. దుకాణం అత్త సొంతం, దాన్ని కిరాయికి ఇమ్మని పక్కన సెల్‌ఫోన్ల వ్యాపారి రోజూ వచ్చి అడుగుతున్నాడు. అత్త ముందే నాకు తేల్చి చెప్పింది.

"శ్రావణం ఎల్లిందాక చూస్తరా నర్సిం. నా మోకాళ్లు, గిరాకీ, రెండూ నిలవాలె. నిలవకుంటే ఫోన్లోనికి ఇచ్చి ఇంట్ల కూసుంట. ఇంట్ల కూసున్ననంటే ఎక్కువ రోజులుండ, గది నాకెర్కే."

ఆమె నవ్వుతూనే అంది. నేను మాత్రం నవ్వలేదు. మామ పోయిన మర్నాడు కూడా గల్లా దగ్గర కూర్చున్న మనిషి ఆమె. ఇంట్లో కూర్చోవడం ఆమెకు రాదు.

బేరం మురళి గారితో జరిగింది. ధర తగ్గించమని ఆమె ఒక్కమాట కూడా అడగలేదు. ఇది జీతం అడుగుతదా, దసరాకు బోనస్ అడుగుతదా, అత్తగారింట్ల పెండ్లున్నదని సెలవు పెడతదా అని అడుగుతూ పోయింది. ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వులోనే రెండేళ్ల ఉచిత సర్వీసుకు సంతకం పెట్టించుకుంది. మెట్లు దిగుతూ ఆయన, "మీ అత్తగారు చాలా సరదా మనిషండీ" అన్నాడు. ఏం పోగొట్టుకున్నాడో ఆయనకు బస్టాపు దాకా వచ్చాక గాని తెలియలేదు.

రోబోను ట్రాలీ ఆటోలో దుకాణానికి చేర్చాం. అక్కడ అత్త రెండు మార్పులు చేయించింది. రోబో వచ్చి ఆగాల్సిన చోట నలుపు తెలుపు గళ్ల కాగితం ఒకటి అతికించాలి, కెమెరా దాన్ని చూసే దారి పట్టుకుంటుంది. అది కౌంటరుకు అతికిస్తే పాడుబడ్డ గోడకు సినిమా పోస్టరులా ఉంటుందని, దుకాణం మధ్యలో ఇక్కత్ చీర కట్టుకుని నిలబడే బొమ్మ పీటకు నాలుగు వైపులా అతికించమంది. పోనీలే అనుకున్నాను. రెండోది, చీరల ట్రే నిండుగా ముందుకు కనబడాలంది. ట్రే పెద్దదయ్యేసరికి ముందు కెమెరాకు చోటు లేకపోయింది. దాన్ని తీసి రోబో కుడి పక్కకు బిగించాం. కెమెరా ఇప్పుడు కుడివైపు చూస్తోందని సెట్టింగుల్లో లావణ్య సరిగ్గానే మార్చింది. రోబో లోపల ఆ కేక సరిగ్గానే పడుతోంది. వినేవాడే లేడు.

ప్రదక్షిణ

శ్రావణ మాసం మొదటి వారం. దుకాణం నిండా ఆడవాళ్లు. రోబో గోదాంలోంచి ట్రే నిండా పట్టుచీరలు వేసుకుని హుందాగా వచ్చింది. కుడి పక్క కెమెరాకు బొమ్మ పీట మీది గళ్ల కాగితం కనబడింది. కుడివైపు ఉన్నదాన్ని, నా సున్నాల పుణ్యమా అని, ఎదురుగా ఉందనుకుంది. ముందుకు నడిచింది. బొమ్మ ఇంకా కుడివైపే ఉంది. కాగితం కెమెరా చూపులో కుడి అంచుకు జరిగేసరికి కొద్దిగా కుడికి తిరిగి ఇంకాస్త ముందుకు నడిచింది. నాలుగు వైపులా అతికించిన కాగితం ఎటు పోయినా కనబడుతూనే ఉంది. అట్లా బొమ్మను కుడిచేతి వైపు ఉంచుకుని, మెల్లిగా, శాస్త్రోక్తంగా, చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

మొదటి చుట్టుకు అందరూ చూశారు. రెండో చుట్టుకు ఎవరో చెప్పులు విడిచారు. ఆ తర్వాత ఒకామె బ్యాగులోంచి కుంకుమ పొట్లం తీసి రోబోకు బొట్టు పెట్టింది. ఇంకొకామె ట్రేలో చీరల మీద పది రూపాయల నోటు పెట్టి దండం పెట్టుకుంది.

నేను పరుగెత్తి ఆపబోయాను. అత్త చేయి పట్టి ఆపింది. ఆమె కుర్చీలోంచి లేవకుండానే, రోబో తన పక్కకు వచ్చినప్పుడల్లా రెండు చీరలు తీసుకుని పరుస్తోంది. రోబో చుట్టు తిరిగి వచ్చేలోపు బేరం కుదురుతోంది. మళ్లీ రెండు చీరలు. దిల్‌సుఖ్‌నగర్‌లో అంతకన్నా చక్కని ఏర్పాటు నేను చూడలేదు.

వారం తిరిగేసరికి మెట్రో దిగి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు మొదలయ్యారు. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఒక కుటుంబం ఆటో కట్టించుకుని వచ్చింది. ఆటో డ్రైవరు కూడా లోపలికి వచ్చి తిరిగాడు. చూడవచ్చిన వాళ్లు ఊరికే పోలేక జాకెట్టు ముక్కయినా కొన్నారు. సెల్‌ఫోన్ల వ్యాపారి అడగడం మానేసి, తన కొత్త బండి తాళాలు తెచ్చి ట్రేలో పెట్టి తీసుకున్నాడు. ట్రేలో పడే డబ్బులు ఎవరివని ఇంకో తగువు. బొమ్మ నాది అంటుంది అత్త, రోబో మాదండి అంటాడు మురళి గారు. నేను ఇద్దరి మధ్యా బేరం తెంపలేక రెండు వైపులా తిట్లు తిన్నాను.

అందరూ సంతోషంగా ఉన్నారు, లావణ్య తప్ప. ఆమె రోజూ వచ్చి కౌంటరు పక్కన నిలబడి రోబోనే చూసేది. ఒక రోజు నాతో అంది. "సార్, అది ఎక్కడికి పోతోందో దానికి తెలియదు. తెలియని దాన్ని జనం మధ్యలో తిప్పుతున్నాం."

చూద్దాంలేమ్మా అన్నాను. నాకూ డెమో జబ్బు అంటుకుంది.

తాకిన రోజు

వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు. దుకాణంలో నిలబడే చోటు లేదు. రోబో చుట్టూ ఉన్న జనంలో ఎవరి కొంగో గళ్ల కాగితాన్ని ఒకవైపు కప్పేసింది. రోబో దారి తప్పి వలయం దాటి బయటికి వచ్చింది. అక్కడ ఒక పెద్దావిడ కళ్లు మూసుకుని, చేతులు జోడించి నిలబడి ఉంది. రోబో పోయి ఆమె మోకాళ్లకు తగిలింది. ముందున్న బంపర్ నొక్కుకుపోయి చక్రాలు ఆగాయి. ఆమె వెనక్కి తూలి పక్కనున్నావిడ మీద పడింది.

నేను జనాన్ని తోసుకుంటూ అటు పోయాను. ఆ పెద్దావిడ కళ్లు తెరిచి, రోబోను చూసి, చెంపలు వేసుకుంది.

"నన్నే తాకిండు సామి," అంది చుట్టూ ఉన్నవాళ్లతో.

ఆ మాటతో ఆమె పక్కన నిలబడటానికి ఇంకో నలుగురు తోసుకుంటూ వచ్చారు. ఈసారి తమను తాకాలని.

నేను రోబో మీది ఎర్ర బటన్ నొక్కేశాను. అది గుంపు మధ్యలో ట్రేలో చీరలతో, నుదుటి మీద కుంకుమతో ఆగిపోయింది. దుకాణమంతా నన్ను దేవుడి కరెంటు తీసేసినవాణ్ణి చూసినట్టు చూసింది.

మురళి గారికి ఫోన్ చేశాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదండీ, శ్రావణం వెళ్లనివ్వండి, తర్వాత చూద్దాం అన్నాడు. అత్త ఫోన్ చేయాల్సిన దూరంలో లేదు.

"ఏమైందిరా నీకు? ముసలామె సంబురపడుతున్నది. నీకెందుకు నొప్పి?"

"ఇది దారి తెలిసి తిరుగుతలేదు అత్తా. తప్పు తిరుగుతున్నది. ఆమె పడితే తుంటి ఇరిగేది."

"పడలేదు గదా."

"రేపు పడితే?"

"దుకాణం పోతే?" అంది అత్త. గొంతు పెంచలేదు. "ఇన్నేండ్లకు దుకాణం నిండింది. గిప్పుడు ఆపితే ఫోన్లోడు రేపే వస్తడు. ఆమె తుంటి సంగతి నువ్వు చూసుకున్నవు, నా సంగతి ఎవడు చూస్తడు?"

 పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అత్త దగ్గర బేరంలో ఓడిపోయినవాణ్ణే. ఆ రోజు బేరం ఆడలేదు. రోబో తాళం చెవి జేబులో వేసుకుని, లావణ్యకు ఫోన్ చేసి రమ్మన్నాను.

ఒక వరుస కిందికి

గోదాంలో పట్టుచీరల కట్టల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ముందు నా సున్నాల వరుసను కొట్టేశాం. ఆపేసిన ఎర్ర అక్షరాలను మళ్లీ రానిచ్చాం. అడ్డా మీది కూలీలందరినీ మాన్పించాం. ఇనిషియలైజ్ అయ్యాక, మెయిన్ లోపల, ఒకే ఒక్క లిజనర్‌ను పుట్టించాం. అడిగే ప్రతి భాగానికీ అతని నకలు ఇవ్వకుండా అతన్నే చూపించాం. ప్రోగ్రాము నడిచినంతసేపు అతను బతికే ఉంటాడు, అందరూ అతన్నే అడుగుతారు. నేను మొదటి రోజు అనుకున్నదీ ఇదే, లావణ్య మొదటి రోజు చెప్పిందీ ఇదే.

ఇంకొకటి మిగిలింది. సరైన చోట పుట్టినా కేకలు వినడానికి అతనికి కొంత సమయం పడుతుంది. ఆ కాసేపు రోబో కదలకుండా ఆగాలి. ఎందుకు ఆగిందో జనానికి తెలియాలని లావణ్య తన గొంతుతోనే ఒక మాట రికార్డు చేసి స్పీకర్లో పెట్టింది: "నేనెక్కడున్నానో నాకింకా తెలియలేదండి. కాసేపు ఆగండి."

మర్నాడు పొద్దున బోణీ కాకముందే రోబో ఆ మాట అంది. అత్త నా వైపు తిరిగింది.

"గోదావరి భాషల దుకాణం మూసుకోమంటున్నదేందిరా ఇది?"

దుకాణం తెరవకముందే, లోపల ఎవరూ లేనప్పుడే దాన్ని ఆన్ చేసి పెట్టమన్నాను. షట్టర్ ఎత్తేసరికి దానికి అంతా తెలిసి ఉంటుంది, గిరాకీ చెవిన ఆ మాట పడదు. ఇష్టం లేకపోయినా ఒప్పుకుంది.

ఆ రోజు నుంచి రోబో గోదాంలోంచి తిన్నగా వచ్చి, బొమ్మ ముందు సరిగ్గా అత్త చేతికి అందేటట్టు ఆగేది. చీరలు తీసుకోగానే తిరిగి పోయేది. అత్త రోజంతా కుర్చీలోంచి లేవాల్సిన పని లేకుండా పోయింది. చూడవచ్చినవాళ్లు కాసేపు నిలబడి, ఇది తిరగడం లేదేంటని అడిగి, వెళ్లిపోయేవారు. నాకు నలభై ఏళ్ల ఉద్యోగంలో అంత చక్కగా పని చేసిన యంత్రం లేదు, అంతమందిని నిరాశపరిచిన యంత్రమూ లేదు. అత్త నాతో మాట్లాడటం మానేసింది.

శ్రావణం చివరి రోజున తనే పిలిచింది.

"మోకాళ్లు నిలిచినయి. గిరాకీ నిలవలే," అంది. "ముందు సగం ఫోన్లోనికి ఇస్తున్న. ఎనుక సగం నాకు. ఇంట్ల కూసుండ, గది మాత్రం ఖాయం."

బిల్లు

అత్త ఇప్పుడు వెనక సగంలో కూర్చుంటుంది. గిరాకీలు ఫోన్ కవర్ల మధ్య నుంచి నడిచి చీరల దగ్గరికి వెళ్లాలి. కొందరు మధ్యలోనే ఆగిపోతారు. మా కంపెనీకి ఇంకో చీరల దుకాణం నుంచి ఆర్డరు రాలేదు. మురళి గారు రెండేళ్ల ఉచిత సర్వీసును ఇప్పటికీ చేస్తూనే ఉన్నాడు. లావణ్య ఇంకా పెద్ద కంపెనీకి వెళ్లింది, ఇంటర్వ్యూలో ఈ కథే చెప్పిందట.

లెక్క ఇట్లా తేలుతుంది. లిజనర్‌ను ఎక్కడ పుట్టించాలో మొదటి రోజే చెప్పినందుకు జమ లావణ్యది, చివరికి రాసింది కూడా ఆమే కనుక కూలి కూడా ఆమెదే. ఆ పెద్దావిడ తుంటి ఇరగకుండా కాపాడింది బంపర్, దాన్ని బిగించిన ఫిట్టరు పేరున రాయాలి. ఎర్ర బటన్ నొక్కింది నేనే, కానీ దాన్ని నొక్కాల్సిన అవసరం తెచ్చింది కూడా నేనే కనుక అక్కడికక్కడికి చెల్లు. ఇక ఖర్చు. ఆ గుంపు అట్లాగే ఉంటే అత్తకు మొత్తం దుకాణం మిగిలేదేమో. నేను మొదటే సరిగ్గా రాసి ఉంటే ఆ గుంపే వచ్చేది కాదు, ఆమె ఆ ఆశ పెట్టుకునేదీ కాదు. ఎటు నుంచి కూడినా ముందు సగం దుకాణం ఖర్చు నా పేరునే పడుతోంది. బేరం ఆడి చూశాను. తగ్గలేదు.